పీవీ భారతరత్న పక్కన ‘పాస్ట్యుమస్’.. ఈ పదం వెనక ఉన్న అసలు కథ ఇదే!

పీవీ నరసింహారావుకు 2024లో భారతరత్న వచ్చింది. అప్పటికి ఆయన చనిపోయి 19 ఏళ్లు దాటింది. రాష్ట్రపతి భవన్‌లో ఆయన కుమారుడు ప్రభాకర్ రావు ఆ పురస్కారం అందుకున్నారు. ఇలాంటి అవార్డుల జాబితాలో పేరు పక్కన బ్రాకెట్‌లో ఓ ఇంగ్లిష్ మాట కనిపిస్తుంది. అదే ‘పాస్ట్యుమస్’. తెలుగులో ‘మరణానంతరం’ అంటాం. అయితే ఈ పదం మొదట వాడింది అవార్డుల గురించి కాదు.. పిల్లల గురించి!

అసలు అర్థం ఏంటి?

లాటిన్‌లో ‘పోస్ట్’ అంటే తర్వాత. దాన్నుంచి వచ్చిన ‘పోస్తుముస్’ అంటే అన్నిటికన్నా చివరిది. ఇంట్లో ఆఖరి సంతానానికి ఈ మాట వాడేవారు. తండ్రి పోయాక పుట్టిన బిడ్డే ఆయనకు ఆఖరి బిడ్డ కదా! అలా ఆ బిడ్డకే ఈ పేరు స్థిరపడింది. రచయిత పోయాక వచ్చిన పుస్తకం, మనిషి పోయాక వచ్చిన అవార్డు.. ఇవన్నీ ఆ తర్వాత చేరినవే.

మధ్యలో ‘హెచ్’ ఎందుకు?

నిజానికి అది పొరపాటున వచ్చింది. లాటిన్‌లో ‘హ్యూమస్’ అంటే మట్టి. చావుకు సంబంధించిన మాట కాబట్టి, ‘మట్టి చేసిన తర్వాత’ అని అర్థమేమో అనుకుని స్పెల్లింగ్‌లో హెచ్ చేర్చేశారు. రాతలో అలాగే ఉండిపోయింది కానీ, ఇంగ్లిష్‌లో దాన్ని పలకరు. కాబట్టి ‘పోస్ట్ హ్యూమస్’ అని చదవకండి.. ‘పాస్ట్యుమస్’ అంటే సరిపోతుంది.

ఆ బిడ్డకు ఆస్తిలో వాటా ఉంటుందా?

ఉంటుంది. తండ్రి పోయాక పుట్టే బిడ్డ హక్కు గురించి రోమన్ల చట్టాలు కూడా మాట్లాడాయి. మన దగ్గర 1956 నాటి హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 20 ఈ విషయం స్పష్టంగా చెబుతోంది. తండ్రి వీలునామా రాయకుండా చనిపోయినప్పుడు బిడ్డ కడుపులో ఉండి, ఆ తర్వాత ప్రాణాలతో పుడితే.. అంతకుముందే పుట్టిన పిల్లలతో సమానంగా వారసత్వ హక్కు ఉంటుంది. ‘ఆయన పోయేనాటికి నువ్వు పుట్టనే లేదు’ అని బంధువులు పక్కన పెడతామంటే కుదరదు.

భారతరత్నకు ఎప్పటి నుంచి?

1954లో భారతరత్న మొదలైనప్పుడు మరణానంతరం ఇచ్చే వీలు లేదు. 1955లో ఆ నిబంధన చేర్చారు. 1966లో లాల్ బహదూర్ శాస్త్రికి తొలిసారి అలా ప్రకటించారు.

ఈసారి జాబితాలో ఈ మాట కనిపిస్తే గుర్తుంచుకోండి. ఆ పతకం అందుకోవడానికి వచ్చేది ఇంట్లో మిగిలినవాళ్లే. ఈ పదం మొదట చెప్పింది కూడా వాళ్ల గురించే.