సారా వర్తకుడు సర్కారైతే ఎవరిని అడగాలి?

మద్యం రాష్ట్రాల జాబితాలోని అంశం. కనుక ఢిల్లీ విలేఖరికి దానితో సాధారణంగా పని ఉండదు. దుకాణాలను ప్రభుత్వం నడపాలా, ప్రైవేటు వ్యాపారి నడపాలా అన్నది హైదరాబాదులోనో, అమరావతిలోనో తేలుతుంది. శాసనసభ లేని అండమాన్‌లో ఆ ప్రశ్న సముద్రం దాటి ఇక్కడికి రావలసిందే.

శ్రీవిజయపురం (2024 సెప్టెంబరు వరకు పోర్టు బ్లెయిర్) చెంతనున్న బతు బస్తీనే తీసుకోండి. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుండి తరతరాలుగా వలసపోయినవారితో, 2011 జనగణన నాటికి ఆ ద్వీపాల జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగే. అక్కడ మద్యం వర్తకం చేసేది 1988లో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ, అండమాన్ నికోబార్ సమగ్రాభివృద్ధి సంస్థ. పాలు, పెట్రోలు వ్యాపారాలూ దానివే. గ్రేట్ నికోబార్ మహా ప్రాజెక్టుకు ప్రతిపాదకురాలూ అదే! సీసా అమ్మేదీ, సుంకం వసూలు చేసేదీ, తనిఖీ చేయవలసినదీ ఒకే పాలనా యంత్రాంగం.

ప్రభుత్వ వర్తకమే పాపమని నేననను. వేలంపాటల సిండికేట్లను చూసినవారెవరూ అనలేరు. కాని మన అనుభవం చూడండి. 1992లో దూబగుంట మహిళలు సారాపై తిరగబడినప్పుడు వారికెదురుగా ఒక ముఖ్యమంత్రి ఉన్నాడు, రెండేళ్లలో ఎన్నికలూ ఉన్నాయి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానా బరువెక్కి 1997లో ఆ నిషేధం సడలింది, అది వేరే కథ. 2019 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దుకాణాలను స్వయంగా చేపట్టింది. ఊరూపేరూ లేని బ్రాండ్లని జనం గొణిగారు. ఆ గొణుగుడు 2024 ఎన్నికల ప్రచారానికెక్కింది. ఆ అక్టోబరులోనే కొత్త ప్రభుత్వం 3,396 దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటువారికి అప్పగించింది. ఏ విధానం మంచిదన్నది అటుంచి, రెండింటికీ ఓటరు ముందు జవాబు చెప్పుకోవలసినవారున్నారు.

బతు బస్తీ ఓటరుకు ఆ సౌకర్యం లేదు. ద్వీపాలకు లోక్‌సభలో ఒకే సభ్యుడు, రాజ్యసభలో అసలే లేరు. అక్కడి మద్యంపై సుంకం భారత సంచిత నిధికి చేరుతుంది. ఖర్చు పద్దు హోం శాఖ పద్దుల వెంట సభకు వస్తుంది. చర్చకు నోచని పద్దులన్నింటినీ కడపటి రోజున ఒక్క ఊపున ఆమోదించే పద్ధతిని ఇక్కడ గిలటిన్ అంటారు. ఈ పద్దుకు ఆ గతి కొత్త కాదు.

ప్రశ్నోత్తరాల మార్గం ఉంది కదా అనవచ్చు. సభ్యుడు నోటీసు ఇవ్వాలి, చీటీలో పేరు రావాలి, రోజుకు 20 నక్షత్రపు ప్రశ్నలలో చోటు దొరకాలి. వాటిలోనూ మంత్రి లేచి నిలబడి జవాబు చెప్పేవి ఏ ఐదో, ఆరో. తెలుగు రాష్ట్రాల నుండి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. వారిలో ఎవరు నోటీసు ఇచ్చినా చెల్లుతుంది.