ఓటమినుంచి నేర్చుకునే శత్రువు

జపాన్‌లో హిక్‌వేర్ పేరుతో ఒకే వ్యక్తి రూపొందించి, 2003లో ఉచితంగా విడుదల చేసిన కంప్యూటర్ ఆట ‘వార్నింగ్ ఫరెవర్’. ఇందులో చిల్లర శత్రువులు లేరు. ఒక మహానౌక కూలితే మరొకటి ఎదురవుతుంది. అది తన ముందుదాని చావునుంచి పాఠం నేర్చుకుని వస్తుంది. ఎదురుగా నిలిచి కాల్చి గెలిస్తే ముందుభాగాన కవచం దట్టమవుతుంది. ఆటగాణ్ణి దెబ్బతీసిన ఆయుధం మరింత బలపడుతుంది.

దీన్ని యాంటిబయాటిక్ నిరోధకతతో పోల్చాలనిపిస్తుంది గానీ, ఆ పోలిక సగమే సరి. బాక్టీరియా ఏమీ నేర్చుకోదు. మందుకు చావనివి మిగిలి వృద్ధిచెందుతాయి, అంతే. ఇక్కడ శత్రువు చదివేది ఆటగాడి అలవాట్లను. ఆట కాఠిన్యంలో చాలాభాగం అతను స్వయంగా కట్టుకున్నదే.

పద్ధతి మార్చుకుందామంటే గడియారం ఆగదు. మొదట ఉండేవి 180 సెకన్లు. నౌకను కూల్చితే 30 చేరతాయి, తాను కూలితే 20 పోతాయి.