టేబుల్ రంపం కొనే ముందు...

మన హాస్టల్లో చదివిన వాళ్ళందరూ ఉద్యోగాల్లోనే లేరు. చేతిపనిని నమ్ముకున్న వాళ్ళూ ఉన్నారు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో కార్పెంటరు ట్రేడు తీసుకుందామనుకునే తమ్ముళ్ళూ ఉన్నారు. కేంద్ర ప్రభుత్వం 2023 సెప్టెంబరు 17న ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. అర్హులకు పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు సాయం, 5 శాతం వడ్డీకి పూచీకత్తు లేని రుణం మొదటి విడతలో లక్ష రూపాయల వరకు అందులో ఉన్నాయి. సాయం వచ్చినా, అప్పు వచ్చినా ఆ డబ్బు ఒక్కసారే వస్తుంది. కాబట్టి పని జరిగే చోటికి మోసుకెళ్ళగల టేబుల్ రంపాలను ఎలా పోల్చుకోవాలో ఈ సంచికలో వివరిస్తున్నాం.

చేతిరంపాన్ని చెక్క మీద నడుపుతాం. టేబుల్ రంపంలో చెక్కనే రంపం మీదికి నడుపుతాం. బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చి తిరుగుతుంది. పక్కన ఫెన్స్ అనే ఇనుప పట్టీ ఉంటుంది. చెక్కను దానికి ఆనించి తోస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పున చీలుతుంది.

1. మొదట వేళ్ళు, తర్వాతే ధర

బ్లేడు ముందువైపు పళ్ళు చెక్కను బల్లకేసి అదుముతాయి. వెనకవైపు పళ్ళు పైకి లేస్తాయి. కోసిన చీలిక మూసుకుపోయి ఆ వెనక పళ్ళను బిగబట్టిందంటే చెక్క ఎగిరి మన మీదికే వస్తుంది. 254 మిల్లీమీటర్ల బ్లేడు నిమిషానికి 3,650 చుట్లు తిరిగితే దాని అంచు వేగం గంటకు సుమారు 175 కిలోమీటర్లు. చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి ఉండదు.

దీన్ని ఆపేది బ్లేడు వెనక నిలబడే ఒక సన్నటి ఇనుప రేకు. దాన్ని రివింగ్ నైఫ్ అంటారు. అది చీలికను మూసుకోనివ్వదు. బ్లేడుతోపాటు పైకీ కిందికీ కదిలే రేకు మంచిది. ఈ రేకు, బ్లేడు మీద కప్పు, మోకాలితోనైనా ఆపగల పెద్ద స్విచ్చి - ఈ మూడూ లేని రంపం ఎంత చవకగా వచ్చినా వద్దు.

చేతి కటింగ్ మిషనును ప్లైవుడ్ బల్ల కింద తిరగేసి బిగించి పని నడుపుతున్న వాళ్ళు చాలామంది. ఖర్చు తక్కువే. కానీ పైన చెప్పిన మూడూ దానికి ఉండవు. ధర పోల్చేటప్పుడు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

అమెరికాలో సాస్టాప్ అనే కంపెనీ 2004 నుంచి అమ్ముతున్న రంపాలు శరీరం తగిలిన 5 మిల్లీసెకన్లలోపే ఆగిపోతాయి. మామూలు రంపాలకు ఆ ఏర్పాటు ఉండదు. కాబట్టి జాగ్రత్త మనదే.

2. మీరు కోసేది ఏమిటి?

10 అంగుళాల బ్లేడు నిలువుగా దాదాపు 3 అంగుళాల మందం కోస్తుంది. ఎనిమిదింబావు అంగుళాల బ్లేడు రెండున్నర అంగుళాలు కోస్తుంది. ద్వారబంధాలు, కిటికీలు చేసేవారికి మొదటిదే కావాలి. అల్మరాలు, వంటింటి పనులు చేసేవారికి రెండోది చాలు.

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ షీటును నిలువునా సగానికి చీల్చాలంటే ఫెన్స్ బ్లేడుకు కనీసం 24 అంగుళాల దూరం జరగాలి. నిండు షీటును ఒక్కరే తొయ్యకూడదు. రెండో మనిషి గానీ, అవతల ఆనడానికి స్టాండు గానీ ఉండాలి.

3. కరెంటు, బరువు

వాట్లు ఎక్కువైతే గట్టి టేకులో కూడా బ్లేడు నీరసించదు. ఉదాహరణకు బాష్ జీటీఎస్ 10 జే 1,800 వాట్లు, బరువు 26 కిలోలు. మకీటా 2704 మోడలు 1,650 వాట్లు, బరువు సుమారు 35 కిలోలు. ఆటోలో వేసుకుని రోజుకో ఇంటికి తిరిగేవారికి ఈ 9 కిలోల తేడా నడుముకు తెలుస్తుంది. ఒకే షెడ్డులో పనిచేసేవారికి బరువైన రంపం కదలకుండా నిలబడటం లాభమే.

1,800 వాట్ల మోటారు 230 వోల్టుల దగ్గర సుమారు 8 ఆంపియర్లు లాగుతుంది. ఇంట్లో ఉండే 6 ఆంపియర్ల ప్లగ్గు చాలదు. 16 ఆంపియర్లది, దానికి తగిన మందపు వైరు కావాలి. అమెరికా నుంచి బంధువులు తెచ్చే రంపం 120 వోల్టులది. మన కరెంటుకు నేరుగా పెడితే కాలిపోతుంది.

4. షాపులో చేయవలసిన పరీక్షలు

ప్లగ్గు పీకించి, బ్లేడులో ఒక పన్నుకు సుద్దతో గుర్తు పెట్టండి. బల్ల మీది గాడి నుంచి ఆ పన్నుకు ఎంత దూరమో ముందు కొలవండి. బ్లేడును తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్ళీ కొలవండి. రెండూ సమానంగా ఉండాలి. తర్వాత ఫెన్స్‌ను బిగించి, చివరను చేత్తో నెట్టి చూడండి. కదిలితే ఆ రంపం ఎప్పటికీ తిన్నగా కొయ్యదు.

బ్లేడు రంధ్రం 30 మిల్లీమీటర్లా, 25.4 మిల్లీమీటర్లా అడగండి. కొత్త బ్లేడు కొనేటప్పుడు పనికొస్తుంది. చీల్చడానికి 24 పళ్ళు, ప్లైవుడ్ అంచు పెచ్చులు లేవకుండా ఉండటానికి 60 పళ్ళకు తగ్గకుండా ఉన్న బ్లేడు వాడాలి. మోటారు కార్బన్లు మన ఊరికి దగ్గరలో దొరుకుతాయో లేదో కూడా కనుక్కోండి.

చివరగా, ఇరుకు పలకలను చేత్తో కాక కర్రతో తొయ్యండి. చేతి తొడుగులు, ఉంగరాలు, మణికట్టు తాళ్ళు తీసెయ్యండి. ముక్కుకు మాస్కు పెట్టుకోండి. చెక్కపొడి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే తేల్చింది.

తమ్ముళ్ళూ! రంపం పాడైతే బాగు చేయించుకోవచ్చు, అప్పు మిగిలితే తీర్చుకోవచ్చు. వడ్రంగికి వేళ్ళే ఆస్తి. ఆ ఆస్తిని కాపాడే రంపాన్నే కొనుక్కోండి.