వార్తల్లో పదం: ఓటీసీ వినికిడి యంత్రం

తలనొప్పి మాత్రలా వినికిడి యంత్రాన్ని కూడా డాక్టరు చీటీ లేకుండా దుకాణంలో కొనుక్కోవచ్చా? అమెరికాలో 2022 అక్టోబరు 17 నుంచి కొనుక్కోవచ్చు. అలా అమ్మేవాటినే 'ఓవర్ ద కౌంటర్', క్లుప్తంగా ఓటీసీ యంత్రాలు అంటున్నారు. అక్కడి కాంగ్రెస్ 2017లోనే చట్టం చేసినా, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు అమల్లోకి రావడానికి అయిదేళ్లు పట్టింది.

అసలు సమస్య ధర. డాక్టరు చీటీతో కొనే యంత్రాలకు రెండు చెవులకూ కలిపి వేల డాలర్లవుతుంది. వృద్ధులకు ఆసరా అయిన సాధారణ మెడికేర్ బీమా ఆ ఖర్చు భరించదు. దాంతో వినపడకపోయినా ఏళ్ల తరబడి సర్దుకుపోతారు. మాటలు అందని మనిషి మెల్లగా నలుగురికీ దూరమవుతాడు. అది చిన్న నష్టం కాదు.

18 ఏళ్లు నిండి, లోపం స్వల్పంగానో ఒక మోస్తరుగానో ఉందనిపించినవారికే ఓటీసీ యంత్రాలు. చెవికి హాని కలగకుండా శబ్ద తీవ్రతకు పరిమితి పెట్టారు. 2024 సెప్టెంబరులో ఆపిల్ ఎయిర్‌పాడ్స్ ప్రో ఇయర్‌ఫోన్లను వినికిడి యంత్రంలా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కూ అనుమతి వచ్చింది.

పిల్లలకు ఇవి వాడకూడదు. వినికిడి హఠాత్తుగా తగ్గినా, చెవి నుంచి చీమో రక్తమో కారినా ముందు ఈఎన్‌టీ డాక్టరునే కలవాలి.

మన దేశంలో కేంద్రం ఎడిప్ పథకం కింద అర్హులైన దివ్యాంగులకు ఆదాయాన్ని బట్టి వినికిడి యంత్రాలు అందిస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లు టీవీ శబ్దం పెంచుతుంటే విసుక్కోకండి, చెవి పరీక్షకు తీసుకెళ్లండి.