‘కరెంటు’ ఒక్కరోజే ఎందుకు పెట్టరు?

కాన్సర్‌కు వికిరణ చికిత్స చేయించడాన్ని మనవాళ్ళు ‘కరెంటు పెట్టించడం’ అంటారు. నిజానికి రోగి ఒంట్లోకి కరెంటేమీ పోదు. పోయేవి ఎక్స్-కిరణాలో, గామా కిరణాలో.

నేనుండేది పుదుచ్చేరిలోని కదిర్కామంలో. ఇక్కడా, పక్కనున్న గోరిమేడులోనూ పెద్ద ఆస్పత్రులున్నాయి. గొంతు కాన్సర్ చికిత్సకు నెల్లూరు వైపు నుంచి వచ్చి, మా వీధిలో గది తీసుకున్న ఒక పెద్దాయన నన్నడిగాడు: “రోజుకు పది నిమిషాలే గదా సార్! ఏడు వారాలు తిప్పే బదులు అంతా ఒక్కరోజే పెట్టేస్తే పోదా?”

ఈ ప్రశ్నకు జవాబు తేలడానికి దాదాపు ముప్ఫై ఏళ్ళు పట్టింది. తేల్చినవాడు ఒక ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు. (గోరిమేడులోని జిప్‌మర్‌కు మూలం కూడా 1823లో ఫ్రెంచివారు పెట్టిన వైద్య పాఠశాలే.)

1895 నవంబరులో రాంట్‌జన్ ఎక్స్-కిరణాలను కనుగొన్నాడు. 1896 జులైలోనే లియాన్ నగరంలో విక్టర్ డెస్పేన్ అనే వైద్యుడు కడుపులో కాన్సర్ ఉన్న రోగిపై వాటిని ప్రయోగించాడు. గడ్డ కొంత తగ్గింది గాని రోగి దక్కలేదు. తరువాత చాలామంది వైద్యులు ఒకటి రెండు పెద్ద మోతాదులతోనే పని ముగించాలని చూశారు. గడ్డతోపాటు పైచర్మమూ, చుట్టూ ఉన్న కండా మాడిపోయేవి.

అదే లియాన్‌లో పుట్టినవాడు క్లాడియస్ రెగో (1870–1940). పారిస్ రేడియం సంస్థలో ఒక ప్రయోగశాల మేరీ క్యూరీది, జీవశాస్త్ర ప్రయోగశాల ఈయనది. రెగో పొట్టేళ్ళను ఎంచుకున్నాడు. ఎందుకో చూడండి. వృషణాల్లో శుక్రకణాలను తయారుచేసే కణాలు కాన్సర్ కణాల్లాగే ఆగకుండా విభజన చెందుతాయి. వాటిని కప్పిన చర్మం ఆరోగ్యమైన కణజాలం. చంపవలసినదీ, కాపాడవలసినదీ ఒకేచోట దొరికాయి!

ఒకేసారి పెద్ద మోతాదు ఇస్తే చర్మం ఘోరంగా కాలింది గాని, శుక్రకణాల ఉత్పత్తి పూర్తిగా ఆగలేదు. కిరణాలను కొన్ని రోజులకు పంచి ఇస్తే ఉత్పత్తి ఆగింది, చర్మం నిలిచింది. 1927లో ఫెర్రూతో కలిసి దీన్ని ప్రచురించాడు. అంతకుముందే, 1922లో, ఆయన సహచరుడు ఆన్రీ కూటార్ విడతల పద్ధతిలో నయమైన గొంతు కాన్సర్ రోగుల వివరాలను పారిస్ మహాసభ ముందుంచాడు.

కారణం ఇది. కిరణం కణంలోని డి.ఎన్.ఎ.ను తెంపుతుంది. ఆరోగ్యకణాలు సుమారు ఆరు గంటల్లో దాన్ని చాలావరకు బాగుచేసుకుంటాయి. కాన్సర్ కణాలకు ఆ మరమ్మతు అంత చక్కగా చేతకాదు. పైగా విభజన దశలో ఉన్న కణం తేలిగ్గా చస్తుంది. నిన్న తప్పించుకున్నది నేడు ఆ దశకు వచ్చి దొరికిపోతుంది.

ఇప్పుడు గొంతు కాన్సర్‌కు సాధారణంగా రోజుకు 2 గ్రేల చొప్పున, వారానికి 5 రోజులు, 35 విడతల్లో 70 గ్రేలు ఇస్తారు. మూడో వారానికి నోరు పూస్తుంది, మింగుడు పడదు. కొందరు అప్పుడే మానేసి ఇంటికి పోతారు. అసలు ప్రమాదం అక్కడే. మిగిలిన కాన్సర్ కణాలు సుమారు నాలుగో వారం నుంచి మరింత వేగంగా పెరుగుతాయి. నోటి, గొంతు కాన్సర్లలో చికిత్స ఒక్కరోజు సాగినా వ్యాధి అదుపులోకి వచ్చే అవకాశం సుమారు 1 శాతం తగ్గుతుందని అంచనా. విడత తప్పితే వైద్యులు దాన్ని శనివారం గాని, ఒకేరోజు ఆరు గంటల ఎడంతో రెండుసార్లు గాని ఇచ్చి సర్దుతారు.

ఆ పెద్దాయన సంక్రాంతికి ఊరెళ్ళి వారం ఉండి వద్దామనుకుంటున్నాడు. ముందు డాక్టరుగారితో చెప్పి, ఆ తరువాతే టిక్కెట్టు కొనమన్నాను.