మేదస్సు కరగడానికి తొందర తగదు

మన మెట్ట ప్రాంతంలో ఒకప్పుడు బడిపంతుళ్లు, పాలవారు, గుమాస్తాలు సైకిళ్లమీదనే తిరిగేవారు. ఇప్పుడు ఆత్మకూరు బజారులో కూరల అంగడికైనా మోటారు సైకిలు తీస్తున్నాము. సాయంత్రం కాగానే ఒళ్లు తగ్గడానికి చూర్ణమేదైనా ఉన్నదా అని అడుగుతున్నాము.

ఈ వ్యాసకర్తదీ అదే కోవ. 47వ ఏట 86 కిలోల బరువుతో, ఉదయగిరిలో బంధువుల ఇంటి మేడమెట్లు ఎక్కుతూ ఆయాసంతో మధ్యలోనే కూలబడినాను. ఆ భయంతో రాత్రి భోజనం పూర్తిగా మానివేసి, ఉదయాన వేడినీటిలో తేనె కలిపి త్రాగినాను. నెలకు 5 కిలోలు తగ్గి, తరువాత మూడు నెలలలో 6 కిలోలు పెరిగినాను. (తేనెను వేడితో చేర్చరాదని చరకుడే చెప్పినాడని అటుపిమ్మట తెలిసినది!)

అతిభోజనం, తీపి, నేతి పదార్థాలు, పగటినిద్ర, వ్యాయామం లేకపోవడం స్థౌల్యానికి కారణాలని చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయం చెబుతున్నది. 7వ అధ్యాయంలోని మాట ఇంకా విలువైనది: చెడు అలవాటును ఒక్కసారిగా కాక, నాలుగోవంతు చొప్పున విడిచి, ఆ మేరకు మంచిదానిని చేర్చుకొనవలెను. 1513లో ఉదయగిరి దుర్గాన్ని ముట్టడించిన కృష్ణదేవరాయలు దానిని 1514లో గాని సాధించలేదు కదా!

మొదటి నెలలో పళ్లెంలో నాలుగోవంతు అన్నం తీసి, కొర్రన్నం, ఉలవలు, ఆకుకూరలు చేర్చినాము. మొలగొలుకుల అన్నం మరిగిన నాలుకకు ఇది తేలిక కాదు. పలుచని మజ్జిగ సాయపడినది. రెండవ నెలలో కాఫీలో చక్కెర తగ్గించి, పగటినిద్ర మానినాము.

సైకిలు రోజుకు 10 నిమిషాలతో ఆరంభించి, రెండు నెలలలో అరగంటకు పెంచినాను. వ్యాయామం అర్ధశక్తితోనే చేయమని ఆయుర్వేదం. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసివచ్చినప్పుడు చాలించవలెను. ఉదయగిరి వైపు ఎత్తు రోడ్లపై దిగి నడిపించుకొని పోవడంలో సిగ్గేమీ లేదు.

లెక్క కూడా చూడండి. 75 కిలోల మనిషి అరగంట మధ్యస్థంగా త్రొక్కితే సుమారు 200 కేలరీలు ఖర్చవుతాయి. కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలున్నవి. అనగా ఒక్క కిలోకు దాదాపు 38 రోజులు! దారిలో మసాలా దోసె తింటే అదీ లేదు. నాకు 9 కిలోలు తగ్గడానికి 14 నెలలు పట్టినది. నడుమ రెండు నెలలు తూనిక కదలనేలేదు. కాని నడుము కొలత తగ్గుతూనే ఉన్నది. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటని నడుము మేలు.

మధుమేహానికి ఇన్సులిన్ గాని మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడిగిన తరువాతే మొదలుపెట్టవలెను. చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చును. గుండెలో నొప్పి వస్తే వెంటనే ఆపి ఆసుపత్రికి పోవలెను. వేసవిలో ఎండ ముదరక ముందే ఇల్లు చేరండి. మోకాళ్లు నొప్పిపెడితే ముందుగా సీటు చూడండి. పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దానిపై ఆనించితే కాలు నిటారుగా చాగవలెను. నా సీటు మూడంగుళాలు క్రిందికి ఉండినది. సైకిలు షాపు కుర్రవాడు చూడగానే కనిపెట్టినాడు.