చీర చూసింది ఒకరు, చిట్టా రాసుకున్నది మరొకరు

సూరత్: రింగ్ రోడ్డు వస్త్ర మార్కెట్లలో వ్యాపారి జ్ఞాపకమంతా ఒకప్పుడు చిట్టా పుస్తకంలో ఉండేది. ఏ ఊరి దుకాణదారు ఏ రకం చీరలు తీసుకున్నాడు, ఎంత బాకీ పడ్డాడు అన్న సంగతి ఆ పుస్తకం దాటి పోయేది కాదు. ఇప్పుడు సూరత్ చీర వరంగల్‌లోని గృహిణికి సెల్‌ఫోన్‌లోనే కనిపిస్తోంది. ధర ఎక్కువనుకుని ఆమె దానిని వదిలేసినా, మరునాడు ఫేస్‌బుక్ తెరవగానే అదే చీర మళ్లీ ఎదురవుతుంది. కొనని చీర సంగతి ఫేస్‌బుక్‌కు ఎవరు చెప్పారు?

చెప్పింది దుకాణమే. ఆన్‌లైన్ అంగడి పేజీలో వ్యాపారి ‘మెటా పిక్సెల్’ అనే చిన్న ప్రోగ్రామును అమర్చుకుంటాడు. అది కంటికి కనిపించదు. పేజీ తెరుచుకోగానే ఏ వస్తువు చూశారు, బుట్టలో వేశారా, డబ్బు చెల్లించారా అన్న వివరాలను ఫేస్‌బుక్ యాజమాన్య సంస్థ మెటాకు పంపుతుంది. బ్రౌజర్‌లో దాగిన ‘కుకీ’ అనే గుర్తు ఆధారంగా ఆ చూపరి ఎవరో మెటా పోల్చుకుంటుంది. కొనుగోలుదారుల ఫోన్ నెంబర్లను సంకేత రూపంలోకి మార్చి పంపే ఏర్పాటు కూడా ఉంది. 2010లో ఇతర వెబ్‌సైట్లకు పాకిన ‘లైక్’ బొత్తాం సైతం, ఎవరూ నొక్కకపోయినా, పేజీ తెరిచిన సమాచారాన్ని చేరవేయగలిగేది. ఫేస్‌బుక్ ఖాతా లేనివారి వివరాలు కూడా కొన్ని సేకరిస్తున్నట్లు 2018 ఏప్రిల్‌లో అమెరికా కాంగ్రెస్ ఎదుట మార్క్ జుకర్‌బర్గ్ అంగీకరించడం గమనార్హం. భద్రత కోసమేనని ఆయన సమర్థించుకున్నారు.

వ్యాపారిని మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. లక్షలాది మరమగ్గాలున్న ఈ నగరంలో పోటీ తీవ్రం. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి తరలివచ్చి లింబాయత్, ఉధనా వైపు స్థిరపడిన తెలుగు నేత కుటుంబాల బతుకు కూడా ఆ చీరల అమ్మకంతోనే ముడిపడి ఉంది. చీరపై ఆసక్తి చూపినవారికే ప్రకటన చేరితే ఖర్చు కలిసివస్తుంది. అయితే, ఆ లాభంలో సింహభాగం ఎటు పోతున్నదీ చూడాలి. 2024లో మెటా ఆదాయం సుమారు 16,450 కోట్ల డాలర్లు. అందులో దాదాపు అంతా ప్రకటనలదే.

ఈ సమాచారం చేతులు మారితే ఏమవుతుందో 2018లో బయటపడిన కేంబ్రిడ్జ్ అనలిటికా ఉదంతం చూపింది. భారత్‌లో ఒక యాప్‌ను వేసుకున్నవారు 335 మందే కాగా, వారి మిత్రులతో కలిపి 5,62,455 మంది వివరాలు బయటకు పొక్కి ఉండవచ్చని ఫేస్‌బుక్ ప్రకటించింది.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పిన సంగతి విదితమే. వాట్సాప్ 2021 నాటి గోప్యతా విధానంపై కాంపిటిషన్ కమిషన్ 2024 నవంబరులో మెటాకు రూ. 213.14 కోట్ల జరిమానా విధించింది. ప్రకటనల కోసం వాట్సాప్ సమాచారాన్ని పంచుకోరాదంటూ కమిషన్ విధించిన 5 ఏళ్ల నిషేధాన్ని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 నవంబరులో కొట్టివేసింది. జరిమానాను మాత్రం నిలబెట్టింది. కొరడా ఝళిపించారు కానీ, దారి మాత్రం మూయలేదన్నమాట.

సూరత్ వ్యాపారులు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన తీర్పు ఐరోపాలో వెలువడింది. ఫ్యాషన్ ఐడీ అనే జర్మన్ దుస్తుల విక్రయ సంస్థ తన వెబ్‌సైట్‌లో లైక్ బొత్తాం పెట్టుకుంది. చూపరుల వివరాలను సేకరించి ఫేస్‌బుక్‌కు చేరవేయడంలో ఆ దుకాణానికీ ఉమ్మడి బాధ్యత ఉందని ఐరోపా న్యాయస్థానం 2019 జూలై 29న స్పష్టం చేసింది. మన 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా సమాచారాన్ని ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించేవారినే బాధ్యులను చేస్తోంది. గరిష్ఠ జరిమానా రూ. 250 కోట్లు. 18 ఏళ్లలోపు వారి కదలికలను వెంటాడి ప్రకటనలు చూపడాన్ని ఈ చట్టం నిషేధిస్తోంది. 2025 నవంబరులో నిబంధనలు వెలువడినా, ప్రధాన బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు.

ఇతర వెబ్‌సైట్లు తమ గురించి ఏమేమి పంపాయో ఖాతాదారులు ఫేస్‌బుక్ సెట్టింగులలో చూసుకోవచ్చు. అక్కడ ఖాతాతో లంకె తెంపుకునే వీలూ ఉంది. అయితే తెగేది లంకె మాత్రమే; అంగడి నుంచి మెటాకు వివరాలు వెళ్లడం దానితో ఆగదు.